గుడారం నుండి టౌన్ హాల్ దాకా: మెల్బోర్న్ పాతకాలపు ముష్టియోధులు

వంశవృక్షాలు, పండుగ విధానాలు, హరికథల విశేషాలు అచ్చువేసే మన పత్రికలో బాక్సింగ్ గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపోవచ్చును. పాయింట్ కుక్‌లో ఈనాడు ఇళ్ళు కట్టుకున్న మన కుటుంబాలలో ఫిజీ నుండి వచ్చినవారున్నారు, మారిషస్ నుండి వచ్చినవారున్నారు, దక్షిణాఫ్రికా నుండి వచ్చినవారున్నారు. ఏ రేవులో దిగినా మన ముత్తాతలు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారే. వారిని తోటలో పేరు పెట్టి పిలిచినవారి కంటే నంబరు పెట్టి పిలిచినవారే ఎక్కువ. అటువంటి ఇళ్ళలో పుట్టిన మనకు ఈ దేశపు చరిత్రలో ఏ పుట దగ్గరగా తోస్తుందని అడిగితే, మేము బాక్సింగ్ రింగునే చూపిస్తాము. భూమి పోగొట్టుకున్నవారు, జీతం చేతికందనివారు, తెల్లవారితో ఒకే బల్ల దగ్గర కూర్చోలేనివారు అదే తెల్లవారితో సమానంగా ఎదురెదురుగా నిలబడగలిగిన చోటు అది. ఆ చోటు ఎలా ఏర్పడింది, అందులో ఎవరు నిలిచారు, అందుకు వారు చెల్లించిన వెల ఏమిటి అన్న సంగతులు మన పిల్లలకు తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

డడ్లీ వీధిలోని హాలు

పాయింట్ కుక్ నుండి మెల్బోర్న్ నగరం సుమారు 25 కిలోమీటర్లు. దారిలో యారవిల్ వద్ద మారిబిర్నాంగ్ నది ఒడ్డున పాత పంచదార శుద్ధి కర్మాగారం ఒకటి ఉన్నది. అది సి.ఎస్.ఆర్. కంపెనీ నడిపినది. ఫిజీ నుండి వచ్చినవారికి ఆ మూడక్షరాలు విడమరచి చెప్పనక్కరలేదు. నౌసోరి, రారావాయి, లంబాసా, లౌతోకా మిల్లులన్నీ ఒకనాడు ఆ కంపెనీవే. మన తాతలు ఆ కంపెనీకి చెరకు కోస్తున్న కాలంలోనే ఇక్కడ పడమటి మెల్బోర్న్‌లో కూలిజనం పంచదార బస్తాలు, ఉన్ని మూటలు మోసేవారు. ఆ రేవు కూలీలకు, కర్మాగారపు పనివారికి సాయంకాలపు వినోదం బాక్సింగ్.

ఆ వినోదానికి ఇల్లు వెస్ట్ మెల్బోర్న్‌లో డడ్లీ వీధిలోని స్టేడియం. మొదట కట్టిన భవనం 1955లో అగ్నికి ఆహుతి అయినది. మరుసటి ఏడాది మెల్బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు జరగవలసి ఉండడం వలన హుటాహుటిన మళ్ళీ కట్టారు. 1956 ఒలింపిక్స్‌లో బాక్సింగ్ పోటీలు అక్కడే జరిగాయి. హంగరీ దేశపు లాజ్లో పాప్ వరుసగా మూడవ ఒలింపిక్ బంగారు పతకం గెలిచినది ఆ రింగులోనే. తర్వాత దానికి ఫెస్టివల్ హాల్ అన్న పేరు స్థిరపడింది. 1964లో బీటిల్స్ పాడినది కూడా ఈ హాలులోనే. అయినా పాతకాలపు మెల్బోర్న్ వారికి ఆ కప్పు కింద మొదట గుర్తుకు వచ్చేది పాట కాదు, గంట. రౌండు మొదలైనప్పుడు ఒకసారి, ముగిసినప్పుడు ఒకసారి మోగే గంట.

ఆట తెలియని పిల్లల కోసం ఒక్క మాట. వృత్తి బాక్సింగ్‌లో రౌండుకు మూడు నిమిషాలు, రౌండుకూ రౌండుకూ నడుమ ఒక నిమిషం విశ్రాంతి. పడినవాడు రిఫరీ పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓడినట్టే. ఇద్దరూ చివరిదాకా నిలిస్తే న్యాయనిర్ణేతలు పాయింట్లు కూడి గెలుపు చెబుతారు. ఆ రోజులలో ప్రపంచ టైటిల్ పోటీ 15 రౌండ్లు ఉండేది. 1982లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ దెబ్బలకు మరణించిన తర్వాత క్రమంగా 12కు తగ్గించారు. బరువును బట్టి తరగతులు ఉంటాయి. బాంటమ్ వెయిట్ అంటే 118 పౌన్లు, అనగా ఇంచుమించు 53 కిలోన్నర. మన వాళ్ళలో సన్నగా పొట్టిగా ఉన్న ఏ కుర్రవాడైనా తూగే బరువే అది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

చెరకు దీవి నుండి వచ్చిన మొదటివాడు

ఈ దేశపు బాక్సింగ్ కథలో మొదటి గొప్ప పేరు చెరకు తోటల బిడ్డదే. పీటర్ జాక్సన్ 1861లో డెన్మార్క్ పాలనలోని సెయింట్ క్రాయ్ దీవిలో పుట్టాడు. అక్కడ బానిసత్వం రద్దయినది 1848లో. ఓడ పనివాడిగా సిడ్నీ చేరి, అక్కడే బాక్సింగ్ నేర్చి, 1886లో ఆస్ట్రేలియా హెవీ వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ జాన్ ఎల్. సల్లివన్ నల్లవారితో తలపడనని ఒట్టు పెట్టుకున్నవాడు గనుక జాక్సన్‌కు టైటిల్ అవకాశమే దక్కలేదు. 1891లో శాన్ ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడితే ఎవరూ గెలవలేదన్నారు. మరుసటి ఏడాది సల్లివన్‌ను ఓడించే అవకాశం దొరికినది కార్బెట్‌కు, జాక్సన్‌కు కాదు. జాక్సన్ క్షయ వ్యాధితో 1901లో క్వీన్స్‌లాండ్‌లోని రోమా పట్టణంలో కన్నుమూశాడు. బ్రిస్బేన్‌లోని టూవాంగ్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది.

ఆ 1901లోనే ఈ దేశం తెల్లవారికే అనే వలస చట్టం చేశారు. క్వీన్స్‌లాండ్ చెరకు తోటలలో పనిచేయించుకున్న పసిఫిక్ దీవుల కూలీలను వెనుకకు పంపే చట్టం కూడా ఆ ఏడాదిదే. అయినా ఏడేళ్ళు తిరిగేసరికి, 1908 డిసెంబరు 26న, సిడ్నీలోని రష్‌కట్టర్స్ బే స్టేడియంలో నల్లజాతివాడైన జాక్ జాన్సన్ టామీ బర్న్స్‌ను చిత్తు చేశాడు. 14వ రౌండులో పోలీసులు కలగజేసుకొని ఆపించారు. ప్రపంచ హెవీ వెయిట్ టైటిల్ మొదటిసారి నల్లవాడి చేతికి వచ్చినది తెల్లవారి దేశంగా ఉండాలని చట్టం రాసుకున్న ఈ గడ్డ మీదనే.

గుడారపు యోధులు

స్టేడియం నగరానిది. పల్లెలకు, చిన్న ఊళ్ళకు వచ్చినది గుడారం. మన ఊళ్ళలో తీర్థానికి, జాతరకు గారడీవాళ్ళూ దొమ్మరివాళ్ళూ వచ్చినట్టే ఈ దేశంలో ఏటేటా జరిగే ‘షో’లకు బాక్సింగ్ గుడారాలు వచ్చేవి. వాటిలో పేరుమోసినది జిమ్మీ షార్మన్ బృందం. 1911లో మొదలై, తండ్రి తర్వాత కొడుకు నడిపి, 1971 దాకా ఊరూరా తిరిగినది.

దాని తీరు ఇది. గుడారం ముందు ఎత్తైన పలకల అరుగు. దాని మీద బాక్సర్లు వరుసగా నిలబడతారు. పెద్ద డోలు, గంట మోగుతుంటాయి. షార్మన్ గొంతెత్తి, మా వాళ్ళతో గ్లౌజు తొడిగే మగవాడు ఈ ఊళ్ళో ఎవడైనా ఉన్నాడా అని సవాలు విసురుతాడు. ఊరి గొర్రెల కాపరో, రైల్వే కూలీయో చెయ్యెత్తుతాడు. ఒకొక్కప్పుడు గుంపులో నుండి చెయ్యెత్తేవాడు షార్మన్ ముందే పెట్టుకున్న మనిషే అయ్యేవాడు, అదీ ఆ వ్యాపారంలో ఒక మర్మం. మూడు రౌండ్లు నిలిచినవాడికి డబ్బు. చూసేవారు టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళాలి. బృందంలోని బాక్సరు రోజుకు అనేకమార్లు గ్లౌజు తొడగవలసి వచ్చేది.

ఆ అరుగు మీద నిలబడినవారిలో ఈ దేశపు ఆదివాసులు ఎందరో ఉండేవారు. ఎందుకో మన పిల్లలు తెలుసుకోవాలి. ఆ రోజులలో ఆదివాసులను మిషన్లలో, రిజర్వులలో ఉంచేవారు. అనేక రాష్ట్రాలలో పని చేసినా కూలి వారి చేతికి రాక అధికారి చేతికి పోయేది, ఊరు దాటాలంటే అనుమతి కావాలి, పెళ్ళికీ అనుమతి కావాలి. మన తోటలలో సర్దారు చీటీ లేకుండా మరో ఎస్టేటుకు పోరాదన్న నియమం వంటిదే ఇది. మన గిర్మిట్ అయిదేళ్ళకు తీరేది, వారి కట్టడికి గడువు లేదు. గుడారంతో పోయినవాడికి మాత్రం రొక్కం చేతికి వచ్చేది, దేశం చూసేవాడు, నలుగురూ పేరు పెట్టి పిలిచేవారు. అందుకే ఆ డోలు చప్పుడుకు అంతమంది కుర్రవాళ్ళు కదిలారు.

వారిలో మేటి డేవ్ శాండ్స్. న్యూ సౌత్ వేల్స్‌లో కెంప్సీ దగ్గర బర్న్ట్ బ్రిడ్జి రిజర్వులో 1926లో పుట్టాడు. ఇంటిపేరు రిచీ. అన్నదమ్ములు ఆరుగురూ శాండ్స్ అన్న పేరుతో బాక్సర్లే. అందరూ కలిసి ఆరువందలకు పైగా పోటీలు ఆడారు. డేవ్ 1949లో ఇంగ్లండు వెళ్ళి డిక్ టర్పిన్‌ను మొదటి రౌండులోనే పడగొట్టి బ్రిటిష్ సామ్రాజ్యపు మిడిల్ వెయిట్ టైటిల్ తెచ్చాడు. ప్రపంచ టైటిల్ పోటీ అందేటంత దూరంలో ఉండగా 1952 ఆగస్టులో డంగాగ్ దగ్గర లారీ బోల్తాపడి చనిపోయాడు. అప్పటికి నిండా 27 ఏళ్ళు లేవు.

రాన్ రిచర్డ్స్ కథ మరొక విధం. క్వీన్స్‌లాండ్‌లో ఇప్స్విచ్ దగ్గర 1910లో పుట్టిన ఈ ఆదివాసి యోధుడు ఆస్ట్రేలియా మిడిల్ వెయిట్ ఛాంపియన్. తర్వాత ప్రపంచ లైట్ హెవీ వెయిట్ ఛాంపియన్ అయిన గస్ లెస్నెవిచ్‌ను ఓడించినవాడు. రింగులో వేల జనం చప్పట్లు కొట్టిన ఆయన్ను, చేతిలో డబ్బు అయిపోయిన తర్వాత, చట్టం పేరు చెప్పి పామ్ ఐలాండ్ సెటిల్‌మెంటుకు పంపారు. రింగులో దొరికిన సమానత్వం తాళ్ళు దాటి బయటికి రాలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

లయనెల్ రోజ్

ఆ తాళ్ళు దాటిన కథ లయనెల్ రోజ్‌ది. మెల్బోర్న్‌కు తూర్పున గిప్స్‌లాండ్‌లో డ్రూయిన్, వారగల్ ఊళ్ళ దగ్గర జాక్సన్స్ ట్రాక్ అనే ఆదివాసుల పేట ఉండేది. అక్కడ 1948 జూన్ 21న పుట్టాడు. తొమ్మండుగురు పిల్లలలో పెద్దవాడు. తండ్రి రాయ్ గుడారాలలో ఆడినవాడే. చెట్ల మధ్య కంచె తీగ కట్టి రింగు చేసి, చేతులకు పాతగుడ్డలు చుట్టి, కొడుక్కి మొదటి పాఠం తండ్రే చెప్పాడు. పదిహేనేళ్ళకు దేశపు అమెచ్యూర్ ఫ్లై వెయిట్ టైటిల్ వచ్చింది. 1964లో వారగల్‌లోనే వృత్తి బాక్సర్‌గా తొలి పోటీ ఆడాడు. తర్వాత మెల్బోర్న్‌లోని ఎసెన్డన్‌లో శిక్షకుడు జాక్ రెన్నీ ఇంట్లో ఇంటి పిల్లవాడివలె ఉండి సాధన చేశాడు. 1966లో ఆస్ట్రేలియా బాంటమ్ వెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

1968 ఫిబ్రవరిలో టోక్యో నుండి పిలుపు వచ్చింది. ఎదుటివాడు ‘ఫైటింగ్’ హరాడా, జపాన్ ప్రజల ఆరాధ్య వీరుడు. సొంత ఊళ్ళో, సొంత జనం నడుమ ఆడుతున్న ఛాంపియన్. రోజ్‌కు అప్పటికి 19 ఏళ్ళు. ఆ కాలంలో ఓటు హక్కు వయసు 21, అంటే ఓటు వేసే వయసు కూడా రాలేదు. 15 రౌండ్లు దాటిన తర్వాత న్యాయనిర్ణేతలు ముగ్గురూ రోజ్‌దే గెలుపన్నారు. ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి ఆదివాసి బాక్సర్ ఆయనే.

ఆయన తిరిగి వచ్చిన రోజున విమానాశ్రయం నుండి మెల్బోర్న్ టౌన్ హాల్ దాకా లక్షకు పైగా జనం వీధులలో నిలబడ్డారు. జనాభా లెక్కలలో ఆదివాసులను కూడా చేర్చడానికి, వారి విషయమై చట్టాలు చేసే అధికారం కేంద్రానికి ఇవ్వడానికి 1967 మే 27న దేశమంతటా ఓటింగు జరిగినది. నూటికి తొంభైమందికి పైగా ఔనన్నారు. అది జరిగి ఇంకా ఏడాది నిండలేదు. నిన్నటిదాకా లెక్కలోకి రాని జనంలోని కుర్రవాడిని చూడడానికి ఒక మహానగరం వీధిలోకి వచ్చింది. ఆ ఏడాది ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్’ గౌరవం పొందిన మొదటి ఆదివాసి కూడా ఆయనే.

తర్వాత టోక్యోలో సకురాయ్‌ను, అమెరికాలో చూచో కాస్తియోను, 1969 మార్చిలో మెల్బోర్న్‌లోనే కూయాంగ్ టెన్నిస్ స్టేడియంలో ఇంగ్లండుకు చెందిన అలన్ రడ్కిన్‌ను గెలిచి టైటిల్ నిలుపుకున్నాడు. 1969 ఆగస్టులో మెక్సికో యోధుడు రుబెన్ ఒలివారెస్ అయిదవ రౌండులో పడగొట్టి టైటిల్ తీసుకున్నాడు. మొత్తం 53 పోటీలు, 42 విజయాలు. 1970లో ఆయన పాడిన ఒక పాట కూడా దేశమంతటా మోగింది.

దక్షిణాఫ్రికా నుండి వచ్చిన మన కుటుంబాలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. అక్కడ ఆడడానికి రోజ్‌కు ఆహ్వానం వచ్చింది. అక్కడి వర్ణభేద ప్రభుత్వం పద్ధతి మన పెద్దలకు తెలుసు. నల్లవాడూ తెల్లవాడూ ఒకే రింగులో దిగరాదు, కావలసినవాడు వస్తే మాత్రం తాత్కాలికంగా గౌరవ తెల్లవాడన్న బిరుదు ఇస్తారు. రోజ్ వెళ్ళనన్నాడు. డర్బన్‌లో మన భారతీయ బాక్సర్లు, ఆఫ్రికన్ బాక్సర్లు ‘నాన్ యూరోపియన్’ టైటిళ్ళకే ఆడుకోవలసిన కాలమది. 1952లో ఇంగ్లండు వెళ్ళి బ్రిటిష్ సామ్రాజ్యపు ఫ్లై వెయిట్ టైటిల్ తెచ్చిన జేక్ టూలీ కూడా సొంత దేశంలో తెల్లవాడిమీద చెయ్యెత్తడానికి వీలులేదు. జొహానెస్‌బర్గ్‌లో నల్ల ఛాంపియన్ బాబ్ ఫాస్టర్ తెల్లవాడైన పియర్ ఫూరీతో తలపడడానికి 1973 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. అటువంటి చోట డబ్బు వద్దన్న యువకుడు మనకు దూరపువాడు కాడు.

ఫూట్‌స్క్రే గురువు, పారిస్ శిష్యుడు

రోజ్ కాలంలోనే మెల్బోర్న్‌కు మరొక ప్రపంచ ఛాంపియన్ ఉండేవాడు. జానీ ఫామెషాన్ 1945లో పారిస్‌లో పుట్టి, అయిదేళ్ళ వయసులో వలస వచ్చినవాడు. ఆయన గురువు ఆంబ్రోస్ పామర్ మన పడమటి వైపు ఫూట్‌స్క్రే జట్టుకు ఫుట్‌బాల్ ఆడినవాడు, తన కాలంలో ఆస్ట్రేలియా మిడిల్, లైట్ హెవీ, హెవీ వెయిట్ టైటిళ్ళు మూడూ గెలిచినవాడు. దెబ్బ కొట్టడం కంటె ముందు దెబ్బ తప్పించుకోవడం నేర్పిన గురువు. ఆ విద్యతోనే ఫామెషాన్ 1969 జనవరి 21న లండన్‌లో హోసే లెగ్రాను ఓడించి ఫెదర్ వెయిట్ టైటిల్ తెచ్చాడు. బరువు తరగతి మార్చుకుని వచ్చిన హరాడాను సిడ్నీలో పాయింట్ల మీద, 1970 జనవరిలో టోక్యోలో 14వ రౌండులో ఓడించాడు. ఆ మేలో రోమ్‌లో విసెంటె సాల్దివార్ చేతిలో ఓడి, ఇక చాలని గ్లౌజులు విప్పేశాడు. 25 ఏళ్ళకే వృత్తి మానడం తెలివైన పని అన్నారందరూ. రింగు ఆయనను వదిలినా రోడ్డు వదలలేదు. 1991లో సిడ్నీలో కారు గుద్ది మెదడుకు గాయమై ఏళ్ళ తరబడి మళ్ళీ నడక, మాట నేర్చుకున్నాడు. 2022 ఆగస్టులో మరణించాడు.

సోమవారం రాత్రులు

1966 నుండి 1975 దాకా ఛానల్ సెవెన్ వారు సోమవారం రాత్రి ఫెస్టివల్ హాల్ నుండి ‘టి.వి. రింగ్‌సైడ్’ ప్రసారం చేసేవారు. రాన్ కేసీ, మెర్వ్ విలియమ్స్ వ్యాఖ్యానం. అప్పటికి ఇంకా నలుపు తెలుపు టి.వి.యే. రంగుల ప్రసారాలు 1975 మార్చిలో గాని రాలేదు. ఆ రోజులలో ఈ నగరం చేరిన వలస కుటుంబాలకు, ఇంగ్లీషు యాస అంతుపట్టకపోయినా, గంట మోత అర్థమయ్యేది. ఇటాలియన్లు తమ కుర్రవాడి కోసం, గ్రీకులు తమ కుర్రవాడి కోసం, ఆదివాసులు తమ కుర్రవాడి కోసం ఒకే హాలులో అరిచేవారు.

అదే టి.వి. ఆ ఆటకు బలమూ అయినది, దెబ్బా అయినది. ఇంట్లో ఉచితంగా చూడగలిగినవాడు టిక్కెట్టు కొనడం తగ్గింది, చిన్న హాళ్ళు మూతపడ్డాయి. గుడారాలకు వచ్చిన దెబ్బ మరొకటి. ఒక పోటీకీ మరో పోటీకీ మధ్య విశ్రాంతి ఉండాలని, వైద్య పరీక్ష జరగాలని నిబంధనలు వచ్చాయి. రోజుకు అనేకసార్లు గ్లౌజు తొడిగించే షార్మన్ వ్యాపారం వాటితో సాగదు. 1971లో గుడారం ఎత్తివేశారు. జాలి పడేవారున్నారు గాని, ఆ నిబంధనలు మంచివే. తలకు తగిలిన దెబ్బలు అప్పటికప్పుడు కనిపించవు. ముప్ఫయి, నలభై ఏళ్ళ తర్వాత మాట తడబడి, చెయ్యి వణికి, జ్ఞాపకం చెదిరి బయటపడతాయి. గుడారాలలో వందలకొద్దీ ఆడినవారి దెబ్బలకు లెక్క రాసినవాడు లేడు.

రోజ్ కూడా వెల చెల్లించాడు. వచ్చిన డబ్బు నిలవలేదు. మద్యం, కోర్టు చిక్కులు, 1987లో గుండెపోటు, 2007లో పక్షవాతం. అయినా చెయ్యి మాత్రం పెద్దదే. 1996లో కెయిన్స్‌లో ఒక దుండగుడు నిప్పంటించగా కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న ఆరేళ్ళ ఆదివాసి బాలుడికి తన ప్రపంచ టైటిల్ బెల్టునే ఇచ్చివేశాడు. 2011 మే 8న ఆయన కన్నుమూస్తే విక్టోరియా ప్రభుత్వం రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపినది ఎక్కడనుకున్నారు? డడ్లీ వీధిలోని ఫెస్టివల్ హాలులోనే.

మన పిల్లలకు

ఆ హాలు 2018లో రాష్ట్ర వారసత్వ కట్టడాల పట్టికలో చేరినది. 2020లో ఒక క్రైస్తవ సంస్థ దానిని కొన్నది. ఆట మాత్రం చావలేదు. మెల్బోర్న్ వాసి హ్యారీ గార్‌సైడ్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు, ఆస్ట్రేలియాకు బాక్సింగ్‌లో 33 ఏళ్ళ తర్వాత వచ్చిన పతకమది. మన తెలుగు గడ్డ మీద నిజామాబాద్ ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయినది. 2022లో ఆమె గెలిచినది 52 కిలోల తరగతి. ముందు చెప్పిన బాంటమ్ వెయిట్‌కు కిలోన్నర తక్కువే. ఒడ్డూ పొడుగూ లేదని మన పిల్లలను వెనుకకు లాగే తల్లిదండ్రులు ఈ అంకె చూడగలరు.

అయితే బిడ్డలను జిమ్ముకు పంపేవారు ముందుగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి: శిక్షకుడికి అర్హత ఉన్నదా, తలకు దెబ్బ తగిలితే ఎన్నాళ్ళు ఆట ఆపిస్తారు, వైద్యుడు చూస్తాడా. దెబ్బ తప్పించుకోవడం ముందు నేర్పే గురువునే వెతకండి. పామర్ పద్ధతి అదే.

మరొక విన్నపం. మెల్బోర్న్‌కు తూర్పున ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరంలో వారగల్ ఊళ్ళో, క్వీన్ స్ట్రీట్ పార్కులో, లయనెల్ రోజ్ విగ్రహం ఉన్నది. ఆయన బ్రతికి ఉండగానే, 2010లో పెట్టారు. సెలవు రోజున పిల్లలను తీసుకువెళ్ళండి. జాక్సన్స్ ట్రాక్ ఎటువైపో, అక్కడి తండ్రి కంచె తీగతో కొడుక్కి రింగు ఎందుకు కట్టవలసి వచ్చిందో చెప్పండి. ఆ తర్వాత మన కూలి లైన్లలో మన ముత్తాత ఏ నంబరు గదిలో ఉండేవాడో, ఏ ఓడలో వచ్చాడో కూడా చెప్పండి. రెండు కథలూ ఒకే దారిలో, ఒకే కారులో, ఒకే పూట చెప్పదగినవి.